మడతలు మాత్రమే చదివిన సూదక్క

ఆఁ, నిన్న ఎక్కడ ఆపాను? జిగురు గిన్నె దగ్గర కదూ! మీరు పనుందని లేచిపోయారు గానీ, అసలు సంగతి అక్కణ్ణించే మొదలు. సరే, నిన్న లేనివాళ్ళు కూడా ఇవాళ వచ్చి కూర్చున్నారు కాబట్టి ముందు మనిషిని చూపిస్తాను. కథ ఎక్కడికీ పోదు.

మనిషి సూదక్క. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. యాభై మూడేళ్ళు. సన్నగా, నిటారుగా ఉంటుంది. జుట్టు ముడిలో ఒక సూది, మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు, కుడిచేతి చూపుడువేలి మీద దారం కోసిన గీతలు. పని పుస్తకాలు కుట్టడం.

ఇస్త్రీ షాపుకీ సైకిల్ షాపుకీ మధ్య ఒకటే గది. గదిలో సగం బల్లే తినేసింది. బల్ల మీద దబ్బనం, మైనం ముద్ద, మడతలు నొక్కే చెక్కముక్క, మైదా జిగురు గిన్నె. మూలన ఇనప బిగింపు మర ఒకటి. దాని చక్రం తిప్పితే వచ్చే కిర్రు చప్పుడుకి పక్క ఇస్త్రీ ఆయన "పన్నెండైంది, అన్నానికి లేవాలి" అనుకుంటాడు. గడియారం తప్పుతుందేమో గానీ ఆ చప్పుడు తప్పదు.

గుమ్మం పక్కన ఎత్తు స్టూలు మీద మామగారు. ఎనభై దాటాయి. చేతులు వణుకుతాయి కాబట్టి సూది పట్టడు, దారానికి మైనం రాస్తాడు. నోరు మాత్రం వణకదు. కోడలు కాపురానికొచ్చిన మూడో రోజునే చేతికి సూదిచ్చి, "నా కొడుక్కి ఈ పని అబ్బలేదు. వాడి వేళ్ళు అరటిపళ్ళు. నీ వేళ్ళు చూస్తే ఆశ పుడుతోంది" అన్నాడట. ఆ అరటిపళ్ళ కొడుకు సబ్బుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకుంటూ హాయిగా ఉన్నాడు. సూదేమో కోడలి దగ్గరే ఉండిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం పాఠం చెప్పాలి, విసుక్కోకండి. పుస్తకం ఎలా తయారవుతుందో తెలుసా? పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చేసి మడతలు పెడతారు. ఆ పదహారు పేజీల కట్టే ఫారం. అలాంటి ఫారాలు పన్నెండు పేర్చి కుడితే నూట తొంభై రెండు పేజీల నవల. కుట్టేవాళ్ళు ప్రతి ఫారాన్నీ సరిగ్గా మధ్యకి తెరిచి ఆ మడతలోంచి సూది దూర్చాలి. అంటే ఒక్కో ఫారంలో ఒక రెండు పేజీలు కళ్ళముందు పరుచుకుంటాయన్నమాట. సూది లోపలికెళ్ళి బయటికొచ్చేలోపు సూదక్క ఆ రెండూ చదివేస్తుంది. అంతే. పేజీ తిప్పడానికి లేదు, పని ఆగిపోతుంది. నవల మొత్తానికి ఆవిడ చదివేది ఇరవై నాలుగు పేజీలు!

ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. రైలు కదలడం తెలుసు, ఎవరెక్కారో తెలీదు. కత్తి పైకి లేవడం తెలుసు, దిగిందో లేదో తెలీదు. వందల పుస్తకాలు ఆవిడ వేళ్ళ మధ్య నుంచి పోయాయి, ఒక్కదానికీ మొదలూ తెలీదు, చివరా తెలీదు.

"మరి చదవొచ్చు కదా అమ్మా, నీ చేతిలోనే ఉన్నాయి!" అంటే, "వంటవాడు విందుకి కూర్చుంటాడా టీచర్ గారూ" అంటుంది.

ఇప్పుడు పుస్తకాల జట్టు సంగతి. పాత బస్టాండు మేడమీద రీడింగ్ రూమ్ ఉంది. అక్కడ చినిగిపోయిన పుస్తకాలు ఎప్పటికప్పుడు సూదక్క దగ్గరికే వస్తాయి. ఆవిడ పాత కుట్టు విప్పి, ఫారాలు విడదీసి, దుమ్ము తుడిచి, చిరుగులు అతికి, మళ్ళీ కుట్టి కొత్త అట్ట వేసిస్తుంది. రెండేళ్ళ కిందట కండక్టర్ బాబాయి, అదే, బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దాయన, ఏవో సర్వీసు కాగితాలు కుట్టించుకుందామని వచ్చాడు. కూర్చున్నవాడు ఊరుకోక విప్పి పెట్టిన ఒక ఫారం తీసి చదివాడు.

"అమ్మాయ్, తర్వాతేమైంది?"

"తర్వాతది రేపు విప్పుతా బాబాయ్ గారూ."

రేపు వచ్చాడు. ఎల్లుండీ వచ్చాడు. కాగితాలు కుట్టడం ఎప్పుడో అయిపోయింది, ఆయన రావడం మాత్రం ఆగలేదు. ఊరికే వస్తే బావుండదని ఒకరోజు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ వెనకే సెలూన్ తమ్ముడు. తర్వాత తాళాలు బాగుచేసే ఆయనా, ఆయన భార్యా. ఆరో మనిషి ఒక రిటైర్డ్ టీచర్, నోట్లో నువ్వుగింజ నానని రకం.

పుస్తకం ఒకటే, మనుషులు ఆరుగురు. సూదక్కే దారి చెప్పింది. "కొత్త అట్ట వేసేలోపు ఎలాగూ విడివిడిగానే ఉంటుంది కదా. రెండేసి ఫారాలు కలిపి ఆరు ముక్కలు కుట్టిస్తా. తలా ఒకటి పట్టుకెళ్ళండి. ప్రతి ఆదివారం ఒకరిది ఒకరు మార్చుకోండి. ఏడో ఆదివారం కూర్చుని మాట్లాడుకోండి. ఆ తర్వాత అన్నీ కలిపి కుట్టేస్తా."

అలా మొదలైంది. మీరే చెప్పండి, ఎక్కడైనా ఉందా ఇలాంటి జట్టు? ఒకరు మొదటి ముక్కతో మొదలుపెడితే ఇంకొకరు చివరి ముక్కతో మొదలుపెడతారు. ఒకసారి డిటెక్టివ్ నవల వచ్చింది. కండక్టర్ బాబాయికి ఆరో ముక్క ముందొచ్చింది. హంతకుడెవరో తెలిసిపోయింది, ఎవరికీ చెప్పకూడదు. చెబితే తర్వాతి సమావేశానికి బిస్కెట్లు వాళ్ళే తేవాలి, అది రూలు. ఐదు వారాలు ఆయన కుడితిలో పడ్డ ఎలకలా తిరిగాడు. నర్సమ్మ బీపీ చూసి "బాబాయ్, మీరు బిస్కెట్లు కొనేయండి, ప్రాణం దక్కుతుంది" అంది. ఇంకోసారి తోటపని పుస్తకం. తాళాలాయన భార్యకి 'నీళ్ళెప్పుడు పోయకూడదు' అనే ముక్క ఆఖర్న వచ్చింది. అప్పటికి ఆవిడ కుండీలన్నీ చెరువులయ్యాయి. కొండలెక్కే ఒకాయన జీవితకథ చదివినప్పుడు సెలూన్ తమ్ముడు ముందు దిగి తర్వాత ఎక్కాడు. "దిగేటప్పుడు ఇంత కష్టపడ్డాడంటే ఎక్కుంటాడనే అనుకున్నా" అన్నాడు పాపం.

సూదక్క మాత్రం జట్టులో మనిషి కాదు. మాటలు జరిగే ఆదివారం బల్ల అవతల కూర్చుని ఏదో కుట్టుకుంటూ ఉంటుంది. రమ్మంటే రాదు. "పూర్తిగా చదవని దాన్ని, నేనేం మాట్లాడతాను" అంటుంది.

ఇదీ నేపథ్యం. ఇక జిగురు గిన్నె దగ్గరికొద్దాం.

రెండు నెలల కిందట రీడింగ్ రూమ్ నుంచి రెండు నవలలు వచ్చాయి. ఇద్దరు రాసినవి కావు, ఒకే రచయిత రాసినవి. ఆ మహానుభావుడికి పేర్లంటే గిట్టదు. పుస్తకమంతా 'పెద్దావిడ', 'ఆవిడ తమ్ముడు', 'కోడలు' అంతే. ఒక నవలలో పెద్దావిడ స్టేషన్ పక్కన లాడ్జి నడుపుతుంది. ఇంకోదాంట్లో పెద్దావిడ పడవ నడుపుతుంది. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయ్యాయి, ఒకే సైజు, ఒకే కాగితం, నూట తొంభై రెండేసి పేజీలు. పేజీ పైన పుస్తకం పేరు వేసే అలవాటు ఆ ప్రెస్సుకి లేదు. ఫారం అడుగున చిన్న అంకె ఉంటుంది గానీ ఏ పుస్తకం అంకె అన్నది దేవుడికే తెలియాలి.

సూదక్క రెండూ ఒకేరోజు విప్పింది. ఆ మాటకొస్తే ఇరవై పుస్తకాలు ఒకేరోజు విప్పినా ఆవిడ ఎప్పుడూ కలిపేయలేదు. కుట్టేటప్పుడు మడతలో చదువుతుంది కదా, తేడా వస్తే వెంటనే పట్టేస్తుంది. కానీ ఆరోజు సరిగ్గా నాలుగో ముక్క కుడుతుండగా రీడింగ్ రూమ్ సెక్రటరీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మడత పెట్టిన రుమాలులాంటి మనిషి, ఎక్కడా ముడత ఉండదు.

"చూడమ్మా, మా దగ్గర పాత పుస్తకాలు మూడొందల ఇరవై ఉన్నాయి. అన్నీ ఒకేసారి బైండింగ్ చేయించాలని కమిటీ అనుకుంటోంది. కొత్తగా మిషన్ షాపు పెట్టారు చూశావా? వాళ్ళు రెండు నిమిషాలకో పుస్తకం ఇస్తామంటున్నారు. నువ్వు రోజుకి ఎన్ని చేస్తావు?"

"రెండండీ. అట్ట ఆరాలి కదా."

ఆయన తల ఊపాడు. తల ఊపడంలో రకాలుంటాయి కదా, అది మంచి రకం కాదు.

సూదక్క మనసులో లెక్కలు మొదలయ్యాయి. కాలేజీ వాళ్ళ ప్రాజెక్టు పుస్తకాలు ఎప్పుడో స్పైరల్ షాపులకి పోయాయి. ఆఫీసుల రిజిస్టర్లు కంప్యూటర్లోకి పోయాయి. మిగిలింది రీడింగ్ రూమే. ఈ మూడొందల ఇరవై వస్తే ఆరేడు నెలల పని, ఆ తర్వాత ఏటా చినిగేవి ఎలాగూ ఉంటాయి. రాకపోతే షట్టర్ దించేయడమే. సబ్బుల ఫ్యాక్టరీలో డబ్బాలు అతికించే చోట ఖాళీ ఉందని మొగుడు అప్పటికే చెప్పి ఉంచాడు. డబ్బాలకి మడతలుంటాయి గానీ మడతల్లో ఏముంటుంది?

మనసు అక్కడ ఉడుకుతుంటే చేతులు ఇక్కడ పని చేసుకుపోయాయి. జిగురు గిన్నె పక్కన లాడ్జి నాలుగో ముక్క, పడవ నాలుగో ముక్క రెండూ ఉన్నాయి. ఒకటి తీయాల్సింది, రెండోది తీసింది. మడతలోకి చూసింది గానీ చదవలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి!

తెలీదు కదా ఆవిడకి. లాడ్జి నవల జట్టుకిచ్చేసింది. పడవ నవల తర్వాతి విడతకి కట్టకట్టి అలమరాలో పెట్టింది.

ఏడో ఆదివారం వచ్చింది. పొద్దున్న పదింటికి గదినిండా స్టూళ్ళు. ఆ వారమే శనివారం నాడు కమిటీ కూర్చుంటుంది. అందుకని కండక్టర్ బాబాయి ఒక తెలివైన పని చేశాననుకుని సెక్రటరీని పిలుచుకొచ్చాడు. 'మా అమ్మాయి పనితనం చూపిస్తే ఆయన మెత్తబడతాడు' అని ఆయన లెక్క.

"మొదలెట్టండి" అంది నర్సమ్మ.

"నాకో డౌటు" అన్నాడు కండక్టర్ బాబాయి. "నాకు నాలుగో ముక్క ముందొచ్చింది. పెద్దావిడ పడవలో పోతోంది. ఓహో, ఈవిడ పడవ నడిపే మనిషి కాబోలు అనుకున్నా. వారం తిరిగేసరికి ఐదో ముక్క. చూస్తే లాడ్జిలో దుప్పట్లు ఉతికిస్తోంది! పడవెక్కిన మనిషి ఎక్కడ దిగినట్టు? నా సర్వీసులో టిక్కెట్టు లేని ప్రయాణం చూశాను గానీ స్టేజీ లేని ప్రయాణం చూళ్ళేదు."

"అది కల బాబాయ్" అంది నర్సమ్మ ధీమాగా. "జ్వరంలో వచ్చిన కల. మూడో ముక్క చివర ఆవిడ తుమ్మింది, గమనించలేదా?"

"ఒక్క తుమ్ముకి ముప్పై రెండు పేజీల కలా!"

"మీరు వార్డులో ఒక రాత్రి కూర్చోండి, తెలుస్తుంది."

సెలూన్ తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "కలో నిజమో నాకనవసరం. ఆ తమ్ముణ్ణి రేవులో దింపేసి పెద్దావిడ వెనక్కి చూడకుండా తెడ్డు వేసుకుంటూ వస్తుంది చూడండి, అక్కడ నావల్ల కాలేదు. కుర్చీలో కస్టమర్ ఉన్నాడు, సగం గడ్డం గీశాను, కత్తి పక్కన పెట్టి ఏడ్చేశా. ఆయన హడలిపోయి 'ఏమైంది, కోసేశావా?' అని అద్దంలో మొహం తడుముకుంటున్నాడు."

తాళాలాయన భార్య చెయ్యెత్తింది. "నాది ఒకటే ప్రశ్న. లాడ్జి తాళాలగుత్తి ఆవిడ నడుముకే ఉంటుందని మొదట్లోనే రాశారు. ఆవిడ పడవలో పోతే ఇక్కడ గదులెవరు తీశారు?"

"ఇది అడగొద్దని ఇంట్లోనే చెప్పాను" అన్నాడు మొగుడు.

"ఎందుకు అడక్కూడదు? తాళాల వాడి పెళ్ళాన్ని, నాక్కాకపోతే ఎవరికొస్తుంది ఆ అనుమానం?"

అప్పుడు ఆ రిటైర్డ్ టీచర్ నవ్వి, చాలా తెలిసినట్టు మొహం పెట్టి, "మీరంతా పైపైన చదివారు. పడవంటే పడవ కాదు, జీవితం. తెడ్డంటే ఓపిక. నాలుగో భాగంలోనే పుస్తకం ఆత్మంతా ఉంది" అని తేల్చేసింది. ఆ టీచర్ ఎవరని మాత్రం నన్ను అడక్కండి, చచ్చినా చెప్పను.

సెక్రటరీ టీ కప్పు దించి, "భేష్" అన్నాడు. "ఎంత బాగా చెప్పారు! నేను ముప్పై ఏళ్ళ కిందటే చదివానండీ ఈ నవల. ఆ పడవ ఘట్టం ఆ రోజుల్లోనే నన్ను కదిలించేసింది."

బల్ల అవతల సూదక్క చెయ్యి ఆగిపోయింది.

పడవా? లాడ్జి నవలలో పడవేమిటి?

ఆ రోజు రెండో నవల కుడుతూ మడతల్లో చూసింది గుర్తొచ్చింది. రేవు, తెడ్డు, తాడు. పడవ ఆ పుస్తకంలోది. మెల్లిగా చెయ్యి చాపి వెనకనున్న అలమరాలోంచి పడవ నవల నాలుగో ముక్క తీసి ఒళ్ళో పెట్టుకుని మొదటి ఫారం మధ్యకి తెరిచింది. నూట నాలుగు, నూట ఐదు పేజీలు. పెద్దావిడ మూడో నంబరు గది కిటికీ తుడుస్తోంది.

 తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఊరుకోవచ్చు. ఎంత సులువంటే, ఇవాళ వీళ్ళందరూ వెళ్ళిపోయాక రెండు ముక్కలూ అటూఇటూ మార్చి కుట్టేస్తే సరి. తర్వాతి విడతలో పడవ నవల చదివేటప్పుడు జట్టు వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది, కానీ అది వచ్చే నెలల మాట. కమిటీ ఈ శనివారమే. ఈ ఆరు రోజులు నోరు మూసుకుంటే మూడొందల ఇరవై పుస్తకాలు. నోరు తెరిస్తే, కుట్టేదానికే ఏ ఫారం ఏ పుస్తకానిదో తెలీదన్న మాట పడుతుంది, అదీ ఎవరి ముందు? ఆ సెక్రటరీ ముందు. పైగా ఆయన ఇప్పుడే ఆ పడవకి ముప్పై ఏళ్ళ కిందటే కదిలిపోయానన్నాడు. ఈవిడ తప్పు చెబితే ఆయన మాట ఏమవుతుంది? మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే.

"దారం తెగిందా కోడలు పిల్లా?" స్టూలు మీంచి మామగారు అడిగాడు.

"తెగలేదు మామయ్యా."

"మరి ఆగావేం?"

ఆవిడ సెలూన్ తమ్ముడి వైపు చూసింది. వాడింకా ముక్కు తుడుచుకుంటున్నాడు. లాడ్జి పెద్దావిడ కోసం అనుకుంటున్నాడు వాడు. ఆ ఏడుపు ఎవరికి చెందాలో వాళ్ళకి చెందలేదు.

సూదక్క లేచి నిలబడింది. ఆ గదిలో ఇన్ని ఆదివారాల్లో ఆవిడ మాటల మధ్యలో లేవడం అదే మొదలు. 

"కొంచెం ఆగండి. ఈ నవలలో పడవ లేదు."

అందరూ తలలు తిప్పారు.

"పడవ వేరే పుస్తకంలోది. ఇదిగో, ఇది పడవ నవల. దీంట్లో నాలుగో ముక్క తీస్తే లాడ్జి గదులున్నాయి. ఆరోజు నేను చూసుకోకుండా మార్చి కుట్టేశాను. తప్పు రచయితది కాదు, మీది కాదు. నాది."

గదిలో సూది పడితే వినపడేది, ఆవిడ ముడిలోది పడలేదు గానీ. ముందు కండక్టర్ బాబాయి రెండు ముక్కలూ తీసి చూశాడు. తర్వాత నర్సమ్మ లాక్కుంది. తర్వాత తాళాలాయన భార్య చప్పట్లు కొట్టి, "నేను చెప్పానా! తాళాలు ఆవిడ దగ్గరే ఉన్నాయని!" అని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

మామగారు స్టూలు మీంచి పడేలా నవ్వాడు. "ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు ఉంది మీ వరస! ఒకరు కలన్నారు, ఒకరు జీవితమన్నారు. దూడకి పేరు పెట్టి గడ్డి కూడా వేశారు కదర్రా!"

అందరూ పగలబడి నవ్వారు, ఇద్దరు తప్ప. ఒకరు ఆ టీచర్. రెండో ఆయన సెక్రటరీ. ఆయన మొహం మీద మొదటిసారి ముడత కనపడింది. లేచి, సంచి సర్దుకుని, "శనివారం కమిటీలో మాట్లాడి చెప్తానమ్మా" అని వెళ్ళిపోయాడు. టీ సగం మిగిలింది.

నవ్వులు ఆగిపోయాయి.

"నేనే చెడగొట్టాను" అన్నాడు కండక్టర్ బాబాయి తలపట్టుకుని. "నేను పిలవకపోతే బావుండేది."

"మీరు పిలవకపోయినా తప్పు తప్పే కదా బాబాయ్ గారూ" అంది సూదక్క. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఖాళీగా ఉండలేక మైనం ముద్ద పిసుకుతున్నాయి.

"అక్కా" అన్నాడు సెలూన్ తమ్ముడు, "అది సరే, నువ్వు చదవవు కదా. నీకెలా తెలిసింది?"

అప్పుడు చెప్పింది మడతల సంగతి. మొట్టమొదటిసారి వాళ్ళందరికీ. రెండేసి పేజీలు, సూది లోపలికీ బయటికీ. చెబుతుంటే ఆగలేదు. రీడింగ్ రూమ్ పుస్తకాల్లో ఏది ఏ మడత దగ్గర మాసిపోయిందో, దేంట్లో ఎవరో పువ్వు పెట్టి మర్చిపోయారో, దేంట్లో ఆఖరి ఫారం ఎప్పుడో పోయి ఇంకా అలాగే తిరుగుతోందో అన్నీ చెప్పింది. ఆరుగురూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"ఇన్నాళ్ళూ మనం ఆరుగురమే అనుకున్నాం" అంది నర్సమ్మ. "ఇవాళ్టి నుంచి ఏడుగురం. అక్కా, ఇంక మాట్లాడకు."

"పన్నెండు ఫారాలు ఏడుగురికి ఎలా పంచుతారమ్మా!" అంది సూదక్క. బెట్టు కాదు, నిజంగానే ఆవిడ బుర్ర ముందు అక్కడికే పోతుంది.

"ఈ మొగుడూపెళ్ళాలకి ఒక్కోటి చాలు" అన్నాడు కండక్టర్ బాబాయి. "ఎలాగూ ఒకరి భుజం మీంచి ఒకరు చదువుతారు. మిగతా ఐదుగురికి రెండేసి. లెక్క సరి. మొదటి ముక్క నీకే అమ్మాయ్. రూలు, మార్చడానికి లేదు."

సోమవారం, మంగళవారం సూదక్క రెండు నాలుగో ముక్కలూ విప్పి సరిగ్గా కుట్టింది. అలమరా తుడిచింది. ఫ్యాక్టరీలో ఆ ఖాళీ ఇంకా ఉందా అని మొగుణ్ణి అడిగింది కూడా.

బుధవారం మధ్యాహ్నం షట్టర్ సగం దించి అన్నానికి కూర్చోబోతుంటే, సెక్రటరీ వంగి లోపలికొచ్చాడు. చేతిలో గుడ్డసంచి.

"తింటున్నావా అమ్మా? నేను కూర్చుంటాలే."

కూర్చున్నాడు. సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను ఆ నవల చదవలేదమ్మా" అన్నాడు. "కొత్త పుస్తకం రాగానే మొదటి పేజీ, చివరి పేజీ చూసి రిజిస్టర్లో రాసుకుంటాను. అంతే. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. మధ్యలోకి వెళ్ళే తీరిక ఎప్పుడూ దొరకలేదు."

సూదక్కకి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయింది. "నేను మధ్యవి మాత్రమే చదివానండీ. మొదలూ చివరా నాకు తెలీవు."

ఆయనా నవ్వేశాడు. "అయితే మనిద్దరం కలిస్తే ఒక్క మనిషి చదివినట్టు!"

"ఇద్దరు కలిసినా ఇంకా చాలా పేజీలు మిగిలిపోతాయి" అన్నాడు మామగారు స్టూలు మీంచి. ఆయన నిద్రపోతున్నాడనే అనుకున్నారు.

సెక్రటరీ సంచిలోంచి ఆరు పుస్తకాలు తీశాడు. మిషన్ షాపు వాళ్ళు నమూనాకి బైండింగ్ చేసిచ్చినవి. తళతళలాడుతున్నాయి. "ఇవి ఒకసారి చూసిపెట్టు. ఎందుకో నాకు స్థిమితంగా లేదు."

ఆవిడ చేతులు కడుక్కొచ్చి మొదటిది తీసి, అలవాటు చొప్పున మధ్య మడత వెతికింది. లేదు. పుస్తకం వెన్ను కోసేసి విడి కాగితాలు చేసి జిగురు పూశారు కదా, మడతెక్కడుంటుంది! కొంచెం వెడల్పుగా తెరవగానే రెండు కాగితాలు ఊడి ఒళ్ళో పడ్డాయి.

"అయ్యో" అన్నాడాయన.

"వీటిని మళ్ళీ కుట్టడానికి కూడా ఉండదండీ. మడత కోసేశాక సూది ఎక్కడ దూరుస్తాం?" ఒక్కోటీ తిప్పుతూ పోయింది. నాలుగో పుస్తకం దగ్గర ఆగి ఆయన ముందు పెట్టింది. ఒకే నవల రెండు ప్రతుల కాగితాలు కలిసిపోయినట్టున్నాయి, ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాకా రెండుసార్లున్నాయి. ఆ తర్వాత ఏకంగా అరవై ఐదు. మధ్య పదహారు పేజీలు మాయం.

"వీళ్ళు కూడా మార్చేశారే!" అన్నాడు సెక్రటరీ.

"మారుస్తారండీ. ఎవరైనా మారుస్తారు. నేనూ మార్చాను కదా" అంది. ఇంకో మాట అనబోయి ఆగింది. మిషన్ వాళ్ళ మీద చాడీ చెప్పినట్టుంటుందని.

ఆ మాట ఆయనే అన్నాడు. "నువ్వు లేచి చెప్పావు." పుస్తకాలు సంచిలో పెట్టుకున్నాడు. "కమిటీలో ఐదుగురుంటారమ్మా. నాది ఒక్క మాట. కానీ ఈ నాలుగో పుస్తకం వాళ్ళందరి చేతా తెరిపిస్తాను. శనివారం నాలుగింటికి మీటింగు. ఐదింటికి ఫోన్ చెయ్యి." నంబరు చీటీ మీద రాసి జిగురు గిన్నె కింద పెట్టాడు.

శనివారమంటే ఇవాళేనండీ.

మూడింటి నుంచే జట్టంతా ఒక్కొక్కరే ఏదో పని మీద వచ్చినట్టు వచ్చారు. సెలూన్ తమ్ముడు కత్తెర సాన పెట్టించాలన్నాడు, ఈ వీధిలో సాన పెట్టేవాడే లేడు. తాళాలాయన షట్టర్ తాళానికి నూనె వేస్తానన్నాడు, మూడుసార్లు వేశాడు. "మూసుకోవాల్సిన అవసరం రాదులే, అయినా వేస్తున్నా" అన్నాడు. నర్సమ్మ డ్యూటీ మార్చుకుంది. కండక్టర్ బాబాయి గడియారం చూడ్డం, నిట్టూర్చడం. బిస్కెట్ల పొట్లం తెచ్చాడు. "ఏ రూలు తప్పారు?" అంటే "ముందే తెచ్చి పెట్టుకుంటే మంచిది" అన్నాడు.

ఇంత హడావిడిలో సూదక్క ఎక్కడుందంటారు? బల్ల దగ్గర లేదు. గుమ్మం పక్కన మామగారి స్టూలు మీద కూర్చుంది. ఆయన్ని లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. వెలుతురు అక్కడ బావుంటుంది కదా. చేతిలో పడవ నవల మొదటి ముక్క. సూది లేదు, దారం లేదు. కళ్ళజోడు ముక్కు మీద ఉంది, పెదాలు కొంచెం కదులుతున్నాయి. పేజీ తిప్పేటప్పుడు వేలు వెనక్కి పోతోంది, మడత కోసం వెతుకుతున్నట్టు. మళ్ళీ ముందుకొస్తోంది.

"ఎలా ఉందే?" అని మామగారు అడిగాడు.

"ఉండండి మామయ్యా. పడవ ఇంకా కొనలేదు. డబ్బా చెక్కలతో తనే చేసుకుంటానంటోంది."

"చేసుకుంటుందంటావా?"

"చేసుకుంటుంది. నూట నాలుగో పేజీలో నడిపింది కదా, నాకు తెలుసు. ఎలా చేసిందో అదే చూస్తున్నా."

ఐదు కావొస్తోంది.  అందరూ జిగురు గిన్నె వైపే చూస్తున్నారు. చివరికి ఆ రిటైర్డ్ టీచర్ ఉండబట్టలేక చీటీ తీసి పట్టుకెళ్ళింది.

"సూదక్కా, టైమైంది. ఫోన్ చెయ్యవా?"

ఆవిడ తలెత్తలేదు. "మీరే చెయ్యండి టీచర్ గారూ. నేను ఏడో పేజీలో ఉన్నాను."

అందుకేనండీ, ఈ షాపు వాకిట్లో కూర్చున్న మీతో మాట్లాడుతూనే ఒక కన్ను గడియారం మీద వేసి ఉంచాను. ముల్లు ఐదు మీదికొచ్చింది. ఇక్కడ ఏడు మొహాలు నా మొహం వైపే చూస్తున్నాయి. కాదు, ఆరు. ఏడోది పుస్తకంలో ఉంది. చీటీ మీద అంకెలు జిగురంటి కొంచెం అలుక్కుపోయాయి గానీ చదవొచ్చు. మీరు కాస్త మాట్లాడకుండా ఉండండి. ఇప్పుడు సెక్రటరీ గారికి ఫోన్ చెయ్యాలి.